ఇంకో రెండు పాటలైతే ఊరొస్తది

మా బాపమ్మకు గడియారం చూడరాదు. గోడకు గడియారం ఉండేది గానీ అది బాపు బస్సుకు, మా బడికి. ఆమె లెక్క వేరే. అన్నం ఎసరు మరగాలంటే ఒక మంగళహారతి. పప్పు మెదగాలంటే బొడ్డెమ్మ పాట ఒకటి, అదీ సాగదీసి పాడాలి. కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు చుక్కలు రాసిచ్చి, "వేసుకున్నాక ఐదు నిమిషాలు కళ్లు మూసుకోవాలమ్మా" అన్నాడు. "అంటే ఓ లాలిపాట. సరే సారూ" అంది. ఆయనకేం అర్థమైందో గానీ తలూపాడు.

మా దిక్కు నాన్నను బాపు అంటాం. బాపు వాళ్లమ్మ కాబట్టి బాపమ్మ. నానమ్మ అనే మాట నేను టీవీలోనే విన్నా.

దూరం కూడా ఆమెకు పాటల్లోనే. జనగామ నుంచి నర్మెట్టకు బస్సులో వస్తుంటే ఆమె ఒళ్లో కూర్చుని, "ఇంకెంత దూరం బాపమ్మా" అని ప్రాణం తోడేదాన్ని. "ఇంకో రెండు పాటలైతే ఊరొస్తది బిడ్డా" అని నా చెవి దగ్గర చిన్నగా ఎత్తుకునేది. సరిగ్గా రెండో పాట అయ్యేసరికి మా స్టేజీ వచ్చేది. ఇదేదో మాయ అనుకునేదాన్ని. పెద్దయ్యాక తెలిసింది. బస్సు మెల్లగా పోతే ఆమె పాటను సాగదీసేది. స్పీడందుకుంటే రెండు చరణాలు మింగేసేది.

ఇప్పుడు నేను ఉప్పల్‌లో ఉంటున్నా. ఏ పాట కావాలన్నా ఫోన్‌లో రెండు సెకన్లలో వస్తుంది. కానీ ఒక్క పాటైనా చూడకుండా మొదట్నుంచి చివరిదాకా పాడమంటే నాకు రాదు. మీకొస్తుందా?

ఆధార్ కార్డులో ఆమె పుట్టినరోజు 1932 జనవరి 1. నమ్మకండి. మీ ఇంట్లో పెద్దోళ్ల కార్డులు కూడా ఒకసారి తీసి చూడండి, సగం ఊరు జనవరి ఒకటినే పుట్టి ఉంటుంది. అసలు వయసు ఇంకో రెండు మూడేండ్లు ఎక్కువే అని బాపు అంటాడు. ఆమె కాపురానికొచ్చినప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. తర్వాత వరంగల్ జిల్లాలోకి వచ్చింది. 2016 అక్టోబరులో జనగామే జిల్లా అయింది. ఇల్లు మారకుండా మూడు జిల్లాలు చూసిన మనిషి. "సర్కారోళ్లే తిరుగుతాన్రు, నేనైతే ఈడనే ఉన్న" అనేది.

పుట్టిల్లు దేవరుప్పుల దిక్కు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దొర మనుషులు దొడ్డి కొమురయ్యను కాల్చి చంపినప్పుడు ఈమె పెండ్లి కాని పిల్ల. ఆ కబురు వాళ్ల ఊరికి పేపర్లో రాలేదు, పాటయి వచ్చింది. సంఘపోళ్ల పాటలు బయట పాడితే దొర చెవిన పడుతుందని వాళ్లమ్మకు భయం. అందుకే ఇసుర్రాయి దగ్గర మాత్రమే పాడనిచ్చేదట. రాయి తిరిగే చప్పుడులో పాట వాకిలి దాటదు కదా. "ఆ పాటల మోజుల పడి ఎల్లుండి జొన్నలు గూడ ఇయ్యాలనే ఇసిరేదాన్ని" అని నవ్వేది.

కూలికి పోయినా పాట ఎత్తేది ఆమే. నాట్లు గానీ కలుపు గానీ, ఈమె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి. పాట నడిస్తే చేతులు నడుస్తాయి, ఆఖరి మడిదాకా నడుము నొప్పి గుర్తుకురాదు. ఈ సంగతి ఆసాములకు తెలుసు, అందుకే ముందు ఈమెకే కబురు పెట్టేవాళ్లు. ఆమెకూ తెలుసు, అందుకే అందరికిచ్చే కూలి మీద మానెడు జొన్నలు ఎక్కువ అడిగేది. "నాటుకు నాటు కూలి, పాటకు పాట కూలి." ఒకసారి ఒక ఆసామి ఇయ్యనన్నాడట. ఆ రోజు పొద్దంతా ఈమె నోరు విప్పలేదు. రెండు మడులు మిగిలిపోయినయి. తెల్లారేసరికి మానెడు జొన్నలు ఇంటికే వచ్చినయి. సింగర్లు, రాయల్టీలు అని ఎక్కడ వార్త చూసినా నాకు ఆ జొన్నలే గుర్తొస్తాయి.

తాతకు పాట రాదు, పిచ్చి మాత్రం ఉండేది. ఆముదాలు అమ్మిన పైసలతో మర్ఫీ రేడియో కొన్నాడు. అప్పట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసులో లైసెన్సు ఫీజు కట్టాలి. ఇప్పుడు మనం ఓటీటీలకు కడుతున్నట్టే అనుకోండి. రేడియో సిలోన్ తెలుగు పాటల్లో మీనాక్షి పొన్నుదురై గొంతు వినపడితే బాపమ్మ చేతిలో పని ఆగిపోయేదట. "పాట సంగతి తర్వాత, ఆమె మాటనే పాటలెక్కుంటది" అనేది. సినిమా పాట రెండుసార్లు వింటే చాలు, వరుస పట్టుకుని, మాటలు తీసి పక్కన పడేసి, అదే వరుసలో గౌరమ్మ పాట పాడేది. రీమిక్సులు ఈ మధ్య వచ్చాయనుకుంటాం మనం.

ఒగ్గుకథ ఉందంటే ఇక ఇంట్లో నిలిచేది కాదు. లింగాల ఘనపూర్ మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య కథ చెప్తాడని తెలిస్తే, చంటిపిల్లను చంకనేసుకుని చీకట్లో నడిచిపోయేది. డోలు, తాళాలు, నపీర. తెల్లవార్లూ ఒకే మనిషి కాసేపు రాజు, కాసేపు ఏడ్చే ఆడబిడ్డ. ఆయనకు తర్వాత కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 2017 నవంబరులో ఆయన పోయాడని ఫోన్‌లో చూసి నేనే చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కథ ఎవలు జెప్తరు మరి" అంది.

1972లో తాత పోయాడు. అది కరువు ఏడు. బాపమ్మకు నలభై ఏండ్లు, నలుగురు పిల్లలు, మూడెకరాల చెలక, ఎండిన బావి. ఇంట్లో మొదట అమ్ముడుపోయింది రేడియో. ఆ తర్వాత కరువు పనుల్లో రోడ్డు కంకర కొట్టింది. అక్కడా పాటే. "కంకర కొట్టేదానికి నాటు పాట పనికిరాదు బిడ్డా, సమ్మెట ఆలస్యంగ లేస్తది. వేరే పాట కట్టినం" అని చెప్పేది. కడుపు మాడే ఆ రోజుల గురించి చెప్తూ కూడా పని వేగానికి పాట ఎట్లా కుదిర్చారో పూసగుచ్చినట్టు చెప్పేది. ఏం తిన్నారో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అసలు చెప్పాల్సింది ఇక్కడే ఉంది.

భర్త పోయిన ఆడామె బతుకమ్మ పేర్చొద్దు, ఆటలో కలవొద్దు అనేది మా వాడలో అప్పటి మాట. మొదట అన్నది బాపమ్మ వాళ్ల అత్తే. కానీ వాడలో పాటలన్నీ వచ్చింది ఈమెకే. ఈమె లేకపోతే ఆట మూడో చుట్టుకే ఆగిపోతుంది. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. బతుకమ్మలు వాకిట్లో పెట్టి అందరూ చుట్టూ తిరుగుతారు. ఈమె అరుగు మీద గోడకానుకుని కూర్చుని పాట ఎత్తుతుంది. వాళ్లు అందుకుంటారు. పెండ్లిళ్లలోనూ అంతే. నలుగు పెట్టేటప్పుడు ముందుకు రాదు, నలుగు పాట మాత్రం ఆమెదే. పాట కావాలి, పాడే మనిషి మాత్రం గోడకు. చిన్నప్పుడు నాకిది వింతగా కూడా అనిపించలేదు. అరుగు బాపమ్మది, వాకిలి మాది అనుకున్నా.

మా చిన్నాయన 2006 వానాకాలంలో బావి దగ్గర మోటరు స్టార్టర్ పట్టుకుని షాక్ కొట్టి పోయాడు. చిన్నమ్మకు ఇరవై ఎనిమిదేండ్లు. ఆ ఏడు మా ఇంట్లో పండుగల్లేవు.

తర్వాతేడు బతుకమ్మ వచ్చింది. మా వాడలో బతుకమ్మ పేర్చడంలో చిన్నమ్మను మించినవాళ్లు లేరు. గునుగు పూలకు వరుసకో రంగు అద్ది, తంగేడు మధ్యలో పెట్టి, దారం కట్టకుండా మోకాలెత్తు నిలబెట్టేది. ఆ రోజు కూడా పొద్దున్నే లేచి గిన్నెల్లో రంగులు కలుపుకుంది. ఎరుపు, ఊదా, ఆకుపచ్చ. పన్నెండేండ్ల దాన్ని నేను పక్కన కూర్చుని కట్టలు అందిస్తున్నా. బాపమ్మ వచ్చి నిలబడింది.

"నువ్వు పేర్వకు బిడ్డా. ఇయ్యాల్టి సంది నా పక్కన అరుగు మీద కూసో. నా పాటలన్ని నీకే నేర్పుత."

ఆమె గొంతులో కోపం లేదు. ప్రేమగానే అంది. తన దగ్గరున్న పెద్ద ఆస్తి ఇస్తున్నాననే అనుకుందేమో. చిన్నమ్మ రంగు చేతులతోనే లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకుంది. నేనేం చేశానో కూడా రాయాలి కదా. ఆ రంగు గునుగు కట్టలన్నీ ఎత్తుకుని అమ్మకిచ్చా. ఆ ఏడు మా బతుకమ్మే పెద్దదని అందరూ అంటే మురిసిపోయా.

చిన్నమ్మ అరుగు మీదికి రాలేదు. పాట నేర్చుకోలేదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ పొద్దుగూకాక లోపల టీవీ పెట్టుకుని కూర్చునేది. సౌండ్ ఎక్కువే పెట్టేది. మిగతా ఏడాదంతా అత్తాకోడళ్లు బాగానే ఉండేవాళ్లు. ఒకే మంచంలో కూర్చుని పల్లీలు ఒలిచేవాళ్లు. మహిళా సంఘంలో లెక్కలు రాసే పని చిన్నమ్మకొస్తే బాపమ్మ ఊరంతా చెప్పుకుంది. ఆ తొమ్మిది రోజులే మధ్యలో తలుపు ఉండేది.

2014 వచ్చింది. తెలంగాణ వచ్చిన ఏడు. బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నా, చేతిలో కొత్త స్మార్ట్‌ఫోన్. పండుగకు ఇంటికొచ్చి బాపమ్మ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయడమే పని. మొత్తం పద్నాలుగు క్లిప్పులు. ఆరింటిలో మధ్యలో పాట ఆపి ఎవర్నో తిడుతుంది. ఒకదాంట్లో కుక్కర్ విజిల్‌కు తగ్గట్టు తాళం మార్చింది.

పదకొండో క్లిప్ సద్దులకు ముందు రోజుది. వాకిట్లో ఆట నడుస్తోంది. బాపమ్మ అరుగు మీద ఒక పొడుగు పాట ఎత్తుకుంది. అన్నలు చెల్లెను పండుగకు పిలవడానికి వచ్చే కథ, చాలాసేపు సాగుతుంది. మధ్యలో ఆగిపోయింది. మాట మర్చిపోయింది. ఎనభై దాటిన మనిషి, కావచ్చు. వాకిట్లో చప్పట్లు ఆగినయి. క్లిప్‌లో ఆరు సెకన్లు ఏమీ వినపడదు, ఎవరి చెప్పుల చప్పుడో తప్ప. తర్వాత తలుపు వెనకనుంచి చిన్నమ్మ గొంతు, ఆ మర్చిపోయిన మాట అందిస్తుంది. పాడలేదు, ఉట్టిగ చెప్పింది. బాపమ్మ అందుకుని పాట పూర్తి చేసింది.

అంటే టీవీ సౌండ్ వెనకనుంచి ఆమె ఏడేండ్లుగా అన్నీ వింటూనే ఉందన్నమాట.

ఆ రాత్రి బాపమ్మ అన్నం తినలేదు. పప్పులో ఉప్పెక్కువైందని అందర్నీ తిట్టింది. ఉప్పు సరిగ్గానే ఉంది. తెల్లారి సద్దుల బతుకమ్మ, అక్టోబరు 2. ఎవర్ని పంపి తెప్పించిందో, గునుగు, తంగేడు, బంతి కుప్ప పోసి, తాంబాళం తెచ్చి చిన్నమ్మ ముందు పెట్టింది.

"పేర్వు బిడ్డా."

చిన్నమ్మ తాంబాళం వైపు చూసింది. "ఏడేండ్లకా అత్తమ్మా?" అంది. ఇంకేం అనలేదు. సంఘం మీటింగ్ ఉందని రిజిస్టర్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు మీటింగ్ లేదు.

సినిమా అయితే ఇక్కడ ఇద్దరూ పట్టుకుని ఏడ్వాలి. మా ఇంట్లో అమ్మే కూర్చుని ఆ పూలు పేర్చింది. పొద్దుగూకాక చప్పట్లు మొదలయ్యాయి. బాపమ్మ అరుగు మీదినుంచి మెల్లగా లేచింది. చెంగు నడుముకు దోపుకుంది.

"ఏడికే?" అన్నా.

"నేను పోతాన. ఎవలేమంటరో సూస్త."

మెట్టు దిగి వాకిట్లోకి వచ్చి ఆట ముందు నిలబడింది. ఒక ముసలమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. అంతే. ఎవరూ ఏమీ అనలేదు. నలభై రెండేండ్ల తర్వాత వంగి, చప్పట్లు కొడుతూ, తనే పాట ఎత్తుకుంటూ రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టుకు మోకాళ్లు మొరాయించినయి, నేనూ అమ్మా పట్టుకొచ్చి కూర్చోబెట్టాం. నా ఫోన్ ఆ టైములో ఛార్జింగ్‌లో ఉంది.

రాత్రి నా పక్కన పడుకుని చాలాసేపు మసిలింది. "ఎవలు ఏమనలే గదనే" అంది. కాసేపాగి, "నలభై రెండేండ్లు నేను ఎవలకు భయపడ్డ?" అంది.

ధైర్యం చేసి అడిగా, మరి చిన్నమ్మను ఎందుకు ఆపినవ్ అని.

"మా అత్త నన్ను గట్లనే అన్నది. తప్పని నాకెర్కే. ఎర్కుండి గూడ ఆ రోజు నా నోట్లెకెళ్లి అదే ఒచ్చింది. పాట ఒచ్చినట్టే ఒచ్చింది బిడ్డా."

2015లో చిన్నమ్మ బతుకమ్మ పేర్చింది. ఎవరూ అడగలేదు, ఎవరితోనూ చెప్పలేదు. పొద్దున్నే రంగు గిన్నెలు వాకిట్లో కనిపించినయి. బాపమ్మ కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుని, గునుగు ఎక్కువైందని, బంతి తక్కువైందని, కింద వరుస లూజుగా ఉందని మూడు గంటలు ప్రాణం తీసింది. చిన్నమ్మ అన్నీ విని ఒక్కటీ మార్చలేదు.

ఆ తర్వాత రెండేండ్లకు మా వాడలోకి డీజే బాక్సులొచ్చినయి. పాట ఎత్తే మనిషి అవసరం లేదు, బ్లూటూత్ చాలు. బాపమ్మకు అది నచ్చుతుందా అని అడిగితే, "పాట మంచిగనే ఉన్నది. కని ఊపిరి తీసుకునేదానికి జాగ ఇస్తలేదు" అంది. నిజమే. ఆమె పాటలో లైను లైనుకూ మధ్య పదిమంది అందుకునే ఖాళీ ఉంటుంది. డీజే పాటలో ఆ ఖాళీ కూడా మ్యూజిక్‌తో నిండిపోయి ఉంటుంది. డీజే వద్దని నేననను, నేనూ ఎగిరా. కానీ బాక్సులు ఆపేశాక ఆడోళ్లు ఇంకో గంట చప్పట్లతో ఆడటం మొదలుపెట్టింది మాత్రం చిన్నమ్మే. ఇప్పటికీ నడుస్తోంది.

2019 ఫిబ్రవరిలో బాపమ్మ మంచాన పడింది. మాట పోయింది. మింగడం కష్టమైంది. చిన్నమ్మ పక్కన కూర్చుని రాత్రిపూట ఇసుర్రాయి పాటలు పాడేది. బాపమ్మ కళ్లు మూసుకునే ఉండేది, కుడి చేతి చూపుడువేలు మాత్రం మంచంపట్టె మీద తాళం వేసేది. చిన్నమ్మ ఎక్కడైనా తప్పు పాడితే వేలు ఆగిపోయేది. సరిచేసి మళ్లీ పాడితే మళ్లీ కదిలేది. పదకొండు రాత్రులు అట్లా నడిచింది. పన్నెండో రాత్రి వేలు ఆగింది. చిన్నమ్మ తప్పు పాడాననుకుని ఆ లైను మళ్లీ పాడింది. ఇంకోసారి పాడింది. మూడోసారికి బాపు లేచొచ్చాడు.

నా పద్నాలుగు క్లిప్పులు కలిపితే నలభై నిమిషాలు కూడా లేవు. చిన్నమ్మ దగ్గర మాత్రం సంఘం పాత రిజిస్టర్లో, అప్పుల లెక్కల వెనక ఖాళీ పేజీల్లో, అరవై పాటలు రాసి ఉన్నాయి. ఇంకా రాస్తోంది. పాట పేరు ఉండదు. "కలుపు తీసేటిది", "పిల్ల పండుకోకపోతే", "కరువుల కంకర కొట్టినప్పటిది", ఇట్లా ఏ పనికి ఏ పాటో రాసి ఉంటుంది. పక్కన ఎంతసేపు పడుతుందో కూడా రాసింది. ఆమెకు గడియారం వచ్చు కాబట్టి నిమిషాల్లో.

2024లో దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చిందని ఫోన్‌లో చూసి చిన్నమ్మకు కాల్ చేశా. "మీ బాపమ్మ ఉంటే తనకే ఒచ్చినట్టు వాడంత బెల్లం పంచుతుండె" అంది.

పోయిన బతుకమ్మకు ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర జనగామ బస్సెక్కా. పండుగ రష్. ఘట్‌కేసర్ దాకా నిలబడే ఉన్నా. ఆలేరు దాటాక చిన్నమ్మ ఫోన్. జనగామలో నర్మెట్ట బస్సు మారాక మళ్లీ ఫోన్. వెనకనుంచి ఎవరో పూల బుట్ట ఎక్కడ పెట్టాలని అరుస్తున్నారు.

"ఏడిదాకొచ్చినవ్? రంగులు కలిపి పెట్టిన, ఆరిపోతానయి."

కిటికీలోంచి చూశా. వాన పడుతోంది, బస్సు మెల్లగా పోతోంది.

"ఇంకో రెండు పాటలు చిన్నమ్మా" అన్నా. "వానున్నది గద, కొంచెం సాగదీసి పాడు."